కారునకు కొలత ఎవరిది?

వంటింటిలో తిన్నె కట్టువాడు తన నడుము నెత్తు చూచుకొని కట్టినచో దాని ఫలమును దినదినము అనుభవించునది ఇల్లాలు. ఆమె భుజములు నొచ్చును, వేడిగిన్నె దించునప్పుడు చేయి వణకును. మోటారు కారు విషయమును ఇట్టిదే. కొలత తప్పినచో వంటింట చేయి కాలును. బాటపై ప్రాణమే పోవచ్చును.

కారును ఇంటిలో చేయుట యేమని ఆశ్చర్యపడకుడు. హైదరాబాదున బహదూర్‌పురా చెంత కన్యాబోయిన సుధాకర్ గారు 2010లో తెరచిన ప్రదర్శనశాలలో స్త్రీల చెప్పు, చేతిసంచి, వంకాయ మొదలగు ఆకారములతో చేసిన బండ్లు కలవు. అవి నడచునవే. ఇంగ్లండున 1957 నుండి లోటస్ సెవెన్ అను చిన్న పందెపు కారును భాగములుగా కొని, పలువురు ఇంటివద్దనే బిగించుకొనిరి. 1996లో రాన్ ఛాంపియన్ అను నాతడు అట్టి బండిని స్వల్పవ్యయముతో చేయు విధమును గ్రంథముగా వ్రాసెను. ఇట్టి బండి పొట్టిది, ఇరుకైనది; కాళ్లు చాచి దాదాపు నేలకు ఆనినట్లు కూర్చుండవలెను. కావున చక్రము, మీటలు ఎచ్చట నుండవలెనను ప్రశ్న ఇందు మిక్కిలి ముఖ్యము.

నేటి అమరిక బ్రహ్మ వ్రాసిన వ్రాత కాదు. తొలినాటి కార్లలో పెక్కింటిని పడవ చుక్కానివంటి కడ్డీతో త్రిప్పుచుండిరి. 1908లో వచ్చిన ఫోర్డు మోడల్ టి కారులో వేగమును పెంచు మీట చేతిక్రింద నుండెను. కాలిక్రింది మూడింటిలో ఎడమది గేర్లకు, నడిమిది వెనుకకు పోవుటకు, కుడిది బ్రేకునకు. ఎడమ క్లచ్చి, నడుమ బ్రేకు, కుడివైపున ఏక్సిలరేటరు అను నేటి వరుస తరువాత స్థిరపడినది. స్వయముగా బండి చేయువారు ఈ వరుసను మాత్రము మార్చరాదు. ఆపద వచ్చినప్పుడు కాలు ఆలోచింపదు. అలవాటైన చోటికే పోవును.

వరుస మార్చరాదు గాని, దూరమును ఎత్తును నడుపువారి దేహమునకు తగినట్లు నిర్ణయింపవలెను. ఇనుము అతుకుటకు ముందే పలకలతో, ఇటుకలతో ఉత్తుత్తి ఆసనము నొకటి అమర్చి, నడుపువారిని కూర్చుండబెట్టి, సుద్దతో గుర్తులు పెట్టుట మేలు. ముందు ఆసనము, పిమ్మట కాలి మీటలు, ఆపై చక్రము, తుదకు గేరు కడ్డీ. మీటను తుదివరకు తొక్కినను మోకాలు కొంచెము వంగియే యుండవలెను. వీపు ఆసనమునకు ఆని యుండగా చేయి చాచినచో మణికట్టు చక్రము పైయంచున ఆనవలెను. గేరు మార్చుటకు భుజము ఆసనమును విడువరాదు. మీటల నడుమ వెడల్పు చాలనిచో ఒక్క పాదమే రెండింటిని తొక్కును.

బ్రేకు విలువను కొడిమ్యాలవారికి ఒకరు చెప్పవలసిన పని లేదు. 2018 సెప్టెంబరు 11న ఆ మండలములోని శనివారంపేట నుండి జగిత్యాలకు బయలుదేరిన బస్సు కొండగట్టు ఘాటులో లోయలో పడి అరువదిమందికి పైగా మరణించిరి. వారిలో స్త్రీలు పెక్కురు. అట్టి వాలుబాటల సీమలో ఎవరు బండి చేసినను, బ్రేకును సంపూర్ణబలముతో తొక్కగల చోట నుంచుటయే ప్రథమ ధర్మము.

ఇక మన మాట. అన్నయో, భర్తయో తన కాలికొలతకు చేసికొన్న బండిలో పొట్టి స్త్రీ కూర్చున్నచో ఏమగును? వీపు వెనుక దిండు పెట్టుకొనును. బ్రేకును గట్టిగా తొక్కగానే మెత్తని దిండు అణగిపోవును. దానితో బలమును పోవును. ఆసనమును ముందుకు జరిపినచో కాలికి మీట అందును గాని రొమ్ము చక్రమునకు చేరువగును. గాలిసంచి గల కార్లలో చక్రము నడిమి నుండి రొమ్మునకు 10 అంగుళములైన నుండవలెనని అమెరికా రక్షణాధికారులు చెప్పుదురు. కావున ఇద్దరు నడుపు బండిలో కాలి మీటలనే వెనుకకు ముందుకు జరుపుకొను వీలు కల్పించుట ఉత్తమము. మీటలచెంత బోల్టుల కొనలు పొడుచుకొని వచ్చినచో చీర కుచ్చిళ్లు చిక్కుకొనును, వానిని కప్పవలెను. జారెడు చెప్పులు విడిచి, పాదమును పట్టియుండు జోళ్లు తొడుగవలెను.

ప్రభుత్వపు అనుమతి, రిజిస్ట్రేషను లేక ఇట్టి బండిని రాజమార్గమున నడుపరాదని మరువకుడు.

మీ యింట బండి తయారగుచున్నచో పూర్తియైన పిదప చూతమని ఊరకుండకుడు. సుద్దగుర్తులు పెట్టు నాడే వెళ్లి, ఆ పలకలపై కూర్చుండి, కాలు చాచి చూపుడు. అతికిన ఇనుమును విడదీయుట కష్టము. సుద్దగీతను చెరిపి మరల గీయుట సులభము.