కలర్ మినీల్యాబ్‌లో సెట్టింగులపై నియంత్రణ

1. పరిచయం

ఆరవ నిజాం కాలంలో రాజా దీన్ దయాళ్ స్టూడియోలో ఫోటో ప్రింట్లు ఎక్కువగా సూర్యకాంతిలో, ఒక్కొక్కటిగా తయారయ్యేవి. పొరపాటు జరిగితే ఒక్క కాగితం పాడయ్యేది. నేటి మినీల్యాబ్ గంటకు వందల ప్రింట్లు ఇస్తుంది. ఇందులో ఒక సెట్టింగు తప్పితే, ఆ తప్పు గుర్తించేదాకా వచ్చే ప్రింట్లన్నీ చెడిపోతాయి. పాతబస్తీలో పెళ్ళిళ్ళ రోజుల్లో ఒకే యంత్రం మీద పగలొకరు, రాత్రొకరు పనిచేసే ల్యాబ్‌లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

ఈ భాగం చదివిన తరువాత మీరు:
- యంత్రంలోని రెండు రకాల సెట్టింగుల తేడాను వివరించగలుగుతారు.
- వేటికి తాళం వేయాలో, వేటికి వేయకూడదో నిర్ణయించగలుగుతారు.

ఇక్కడ తాళం అంటే పాస్‌వర్డుతో మార్పును అడ్డుకోవడం అని గ్రహించండి.

2. రెండు రకాల సెట్టింగులు

మొదటి రకం ఒక్కో ఫోటోకు సంబంధించినది. సాంద్రత, సయాన్, మెజెంటా, పసుపు మీటలతో ఆపరేటర్ ఆ ఒక్క ఫోటోను సరిదిద్దుతాడు. తరువాతి ఫోటోపై దాని ప్రభావం ఉండదు.

రెండవ రకం అన్ని ప్రింట్లకూ పునాది. కాగితానికి సంబంధించిన క్యాలిబ్రేషన్, మూల రంగుల సమతుల్యత, డెవలపర్ ఉష్ణోగ్రత, వాడుకను బట్టి కొత్త రసాయనం చేర్చే మోతాదు ఇందులోకి వస్తాయి. డెవలపర్ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తేడా వచ్చినా రంగులు మారవచ్చు. ఇంటి గోడకు రంగు మార్చడం మొదటి రకమైతే, పునాది రాయిని కదపడం రెండవ రకం.

3. ఎర్రటి దుస్తులు తెచ్చిన చిక్కు

చాలా యంత్రాల్లో స్వయంచాలక సవరణకు ఒక ఊహ ఆధారం. ఫోటోలోని రంగులన్నీ కలిపి సగటు తీస్తే దాదాపు బూడిద రంగు వస్తుందన్నదే ఆ ఊహ. మామూలు దృశ్యాలకు ఇది బాగానే పనిచేస్తుంది. కానీ పెళ్ళికూతురి ఎర్రని ఖడా దుపట్టా ఫోటో నిండా పరుచుకుంటే సగటు ఎరుపు వైపు ఒరుగుతుంది. యంత్రం దాన్ని దోషంగా భావించి సయాన్ కలుపుతుంది. ఫలితంగా ముఖాలు పాలిపోయి నీలిపచ్చగా కనిపిస్తాయి. ఇక్కడ యంత్రం చెడిపోలేదు, దాని ఊహ ఆ ఫోటోకు సరిపోలేదు. కాబట్టి ఆ ఫోటోలో మాత్రమే సయాన్ తగ్గించాలి.

కొన్నేళ్ళ క్రితం పాతబస్తీలోని ఒక ల్యాబ్‌లో జరిగినది నేను దగ్గరనుండి చూశాను. రాత్రి షిఫ్టులోని కుర్రవాడు ఇలాంటి ఆల్బమ్‌లో పది ఫోటోలను మీటలతో సరిదిద్దాడు. మిగిలినవి ఇంకా వందకు పైగా ఉన్నాయి, తెల్లవారేసరికి ఇవ్వాలి. పాస్‌వర్డు యంత్రానికే చీటీగా అంటించి ఉంది. మూల సమతుల్యతలోనే సయాన్ తగ్గించాడు. ఆల్బమ్ బాగా వచ్చింది. ఉదయం పాస్‌పోర్టు ఫోటోలలో ముఖాలన్నీ ఎర్రబారాయి. పగటి ఆపరేటర్ రసాయనం పాడైందనుకొని దాని మోతాదు మార్చాడు. ఒక తప్పు మీద రెండో తప్పు చేరింది. చివరికి కుర్రవాడి జీతంలో కోత పడింది.

అతడు బద్ధకస్తుడు కాడు, పని గడువులో పూర్తిచేయాలన్న తాపత్రయమే అతని చేత అలా చేయించింది. పునాదికి తాళం వేసి, గడువు విషయంలో అడగడానికి ఒక పెద్ద దిక్కు ఉండి ఉంటే ఆ నష్టం అతనికి తప్పేది. తాళం యంత్రాన్నే కాదు, ఆపరేటర్‌నూ కాపాడుతుంది.

మరొక పాఠం కూడా ఉంది. ముందుగానే కాంతి సోకించి తయారుచేసిన పరీక్షా పట్టీని రసాయనంలో నడిపి కొలిచి ఉంటే, రసాయనం బాగానే ఉందని పగటి ఆపరేటర్‌కు వెంటనే తెలిసేది. లోపం సెట్టింగులో ఉందని అప్పుడే అర్థమయ్యేది.

4. అధికారాల విభజన

అ) ఆపరేటర్: ఫోటో వారీ సవరణలు, సైజు, ప్రతుల సంఖ్య, రోజువారీ క్యాలిబ్రేషన్ నడపడం. అయితే క్యాలిబ్రేషన్ లక్ష్యాలను మార్చకూడదు.

ఆ) షిఫ్టు బాధ్యుడు: మూల సమతుల్యత, కొత్త కాగితం నమోదు, రసాయన మోతాదు.

ఇ) సర్వీసు సాంకేతికుడు: లేజరు, యాంత్రిక భాగాల అమరికలు.

ప్రతి ఒక్కరికీ వేరు పాస్‌వర్డు ఉండాలి. పునాది సెట్టింగు మార్చినప్పుడు తేదీ, సమయం, పాత విలువ, కొత్త విలువ, కారణం, పేరు పుస్తకంలో రాయాలి. మార్పుకు ముందూ తరువాతా ఒకే నమూనా ఫోటోను ప్రింటు తీసి పోల్చాలి. ఆ నమూనాలో బూడిద రంగు, ఎరుపు, జరీతో పాటు తెల్లని, చామనఛాయ, నల్లని ముఖాలు మూడూ ఉండాలి. తెల్లని ముఖం ఒక్కటే కొలతగా పెట్టుకుంటే మిగిలినవారికి న్యాయం జరగదు.

5. తాళానికి హద్దులు

మార్పుకు తాళం వేయండి, చూపుకు వేయకండి. ఉష్ణోగ్రత, హెచ్చరికలు, ప్రస్తుత విలువలు ఆపరేటర్‌కు ఎల్లప్పుడూ కనిపించాలి. యంత్రాన్ని ఆపే మీట ఎవరికైనా అందుబాటులో ఉండాలి. రాత్రివేళ బాధ్యుడు దొరకకపోతే వాడుకోవడానికి అత్యవసర పాస్‌వర్డును సీలు వేసిన కవరులో ఉంచాలి. కవరు తెరిస్తే ఆ సంగతి పుస్తకంలో రాయాలి, పాస్‌వర్డు మార్చాలి. అడిగే దారి లేనిచోట చీటీ మళ్ళీ యంత్రం మీదికి వస్తుంది.

6. సారాంశం

ఒక్క ఫోటోను మార్చేది ఆపరేటర్ చేతిలో ఉండాలి. అన్ని ఫోటోలనూ మార్చేది బాధ్యుని చేతిలో, లిఖితపూర్వకంగా ఉండాలి. ఏది మారినా అందరికీ కనిపించాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఎరుపు ఎక్కువగా ఉన్న ఫోటోలో ముఖాలు నీలిపచ్చగా రావడానికి కారణమేమిటి? దాన్ని ఏ రకం సెట్టింగుతో సరిదిద్దాలి?
2. మీకు తెలిసిన ఏదైనా ఒక ల్యాబ్‌కు వెళ్ళి, అక్కడ పాస్‌వర్డు ఎవరెవరికి తెలుసో కనుక్కొని, పై విభజనతో పోల్చి రాయండి.