సంచుల దగ్గర ఎవరు కూర్చుంటారు?

సెలవులు దగ్గరపడ్డాయంటే మన ఇళ్లలో పిల్లల నోట రెండు మూడు పార్కుల పేర్లు నలుగుతూ ఉంటాయి. హైదరాబాదు పరిసరాల వారికి రావిర్యాల దగ్గరి వండర్‌లా, రామోజీ ఫిల్మ్ సిటీ. రాయలసీమ వారికి బెంగళూరు దాటాక బిడదిలో ఉన్న వండర్‌లా. టికెట్ ధర ఎంత, రైడ్లు ఎన్ని, ఏ రోజు రద్దీ తక్కువ అన్న సంగతులన్నీ పిల్లలే ఫోనులో చూసి ఒప్పజెబుతారు. ఎవరూ అడగని ప్రశ్న మాత్రం ఒకటి మిగిలిపోతుంది. అక్కడికి వెళ్లాక సంచుల దగ్గర ఎవరు కూర్చుంటారు?

ఏ పార్కులోనైనా పెద్ద రైడ్ దిగువన ఉండే బల్లలను ఒక పావుగంట గమనించండి. అక్కడ ఒక తల్లి కనిపిస్తుంది. ఒడిలో నిద్రపోయిన పసివాడు, చుట్టూ ఐదారు సంచులు, నాలుగు జతల చెప్పులు, భర్త కళ్లద్దాలు, ఆడబిడ్డ ఫోను. పైనుంచి కేకలు వినిపించినప్పుడల్లా ఆమె తలెత్తి, ఆ బండిలో తన బిడ్డ ఏ వరుసలో ఉన్నాడో పోల్చుకోవడానికి ప్రయత్నిస్తుంది. టికెట్ ఆమెకూ కొన్నారు. అందరికీ ఎంతో ఆమెకూ అంతే. ఉదయం మూడు గంటలకు లేచి దారికి కావలసిన పరాటాలు, ఖీమా సిద్ధం చేసింది కూడా ఆమే.

విచిత్రమేమిటంటే, ఈ పార్కుల పుట్టుకకు మూలం అలాంటి బల్లే. అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరంలో గ్రిఫిత్ పార్కు అనే పెద్ద ఉద్యానవనం ఉంది. అందులో ఒక రంగులరాట్నం ఉండేది. వాల్ట్ డిస్నీ తన ఇద్దరు కుమార్తెలను అక్కడికి తీసుకువెళ్లి, వారు గుర్రాల మీద తిరుగుతుంటే తాను బల్లపై కూర్చొని వేరుశెనగలు తింటూ చూసేవారట. పిల్లలు ఆడుకుంటుంటే పెద్దలు ఊరికే కూర్చోవలసిందేనా, తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి ఆనందించే చోటు ఒకటి ఉండకూడదా అన్న ఆలోచన తనకు అక్కడే కలిగిందని ఆయన తరువాత చెప్పుకున్నారు. 1955 జూలై 17న అనహైమ్‌లో డిస్నీలాండ్ తెరుచుకుంది. గ్రిఫిత్ పార్కు బల్ల ఒకదాన్ని తరువాత అక్కడే ప్రదర్శనకు పెట్టారు. 1971లో ఫ్లోరిడాలో ప్రారంభమైన వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో పార్కుతో పాటే పెద్ద హోటళ్లు కూడా వెలిశాయి. ఉదయం ఆట, రాత్రి అక్కడే బస అన్న పద్ధతి అలా ప్రపంచమంతటా వ్యాపించింది.

మన దేశానికి ఈ వినోదం కాస్త ఆలస్యంగా వచ్చింది. 1984లో ఢిల్లీలో అప్పూ ఘర్, 1989లో ముంబయిలో ఎస్సెల్ వరల్డ్ మొదలయ్యాయి. 2000లో కొచ్చిలో వీగాలాండ్ పేరుతో మొదలైన పార్కే నేటి వండర్‌లాకు తొలి రూపం. 2005లో బెంగళూరు, 2016లో హైదరాబాదు పార్కులు వచ్చాయి. బెంగళూరు పార్కును ఆనుకొని 2012లో రిసార్టు కూడా కట్టారు. మైసూరు రహదారి మీద, నగరం నుంచి సుమారు 28 కిలోమీటర్ల దూరం. బిడదికి వెళ్లినవారు అక్కడి తట్టె ఇడ్లీ రుచి చూడకుండా రారు. పళ్లెమంత వెడల్పుండే ఆ ఇడ్లీ పిల్లలకు రైడ్లతో సమానంగా గుర్తుండిపోతుంది.

గత దసరా సెలవుల్లో మేము ఎనిమిదిమందిమి కర్నూలు నుంచి అక్కడికి వెళ్లాం. దాదీ, అన్నదమ్ములిద్దరు, తోడికోడళ్లిద్దరు, ముగ్గురు పిల్లలు. బయలుదేరడానికి వారం ముందే ఇంట్లో అందరం కూర్చొని ఒక ఏర్పాటు చేసుకున్నాం. సంచుల కాపలా గంటకొకరి వంతు. మొదటి రెండు గంటలు మగవారివి. ఈ మాట విని దాదీ నవ్వింది. “బేటా, మీ అబ్బా ఉంటే ముందుగా ఆయనే ఆ బల్ల మీద కూర్చునేవారు. ఆయనకు ఎత్తులంటే భయం” అంది.

మొదటి రెండు గంటలు మగవారికి కేటాయించడం వెనుక లెక్క ఉంది. పార్కు తెరిచిన తొలి గంటలో పెద్ద రైడ్ల వద్ద వరుసలు చిన్నవిగా ఉంటాయి. మధ్యాహ్నానికి అవే వరుసలు ముప్పావుగంటకు పెరుగుతాయి. చాలా కుటుంబాల్లో ఆ మంచి గంటను పురుషులూ మగపిల్లలూ వాడుకుంటారు. భోజనాల తరువాత “నువ్వూ వెళ్లు” అని ఇల్లాలితో అంటారు. అప్పటికి వరుస పెరిగి ఉంటుంది, పసివాడు ఏడుస్తూ ఉంటాడు. “నాకెందుకులే” అని ఆమె అంటుంది. ఆ మాటను ఆమె ఇష్టంగా తీసుకొని ఊరుకోవడం అందరికీ సులువు.

డిస్నీ పార్కుల్లో ఈ చిక్కును గుర్తించి రైడర్ స్విచ్ అనే పద్ధతి పెట్టారు. చిన్నపిల్లతో ఒకరు బయట ఉంటే మరొకరు ఎక్కి వస్తారు. తరువాత రెండోవారు మళ్లీ వరుస మొదటి నుంచి నిలబడకుండానే ఎక్కవచ్చు. మన దగ్గర అలాంటి సౌకర్యం లేనిచోట తొలి గంటే దానికి ప్రత్యామ్నాయం. అదనపు రుసుము కట్టి వరుస దాటివెళ్లే టికెట్లు ఇప్పుడు ఇక్కడా అమ్ముతున్నారు. వద్దనలేం గాని, ఎండలో నిలబడ్డ పిల్లల ముందు నుంచి మన పిల్లలు దాటిపోతుంటే వారు అడిగే ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకొని కొనడం మంచిది.

స్త్రీలను బల్లకు కట్టిపడేసే మరో కారణం దుస్తులు. దీని గురించి మన కుటుంబాల్లో ముందుగా మాట్లాడుకోరు. తీరా కొలను గట్టుకు వెళ్లాక, కాపలాదారు ఆపినప్పుడు, అవమానంగా భావించి వెనుదిరుగుతారు. నీటి రైడ్లలోకి నూలు దుస్తులు, చీర, సల్వార్, బురఖా అనుమతించకపోవడానికి మతం కారణం కాదు. తడిసిన నూలు గుడ్డ బరువెక్కి మనిషిని కిందికి లాగుతుంది. వదులు అంచులు జారుడు గొట్టాల్లో చిక్కుకుంటాయి. అందుకే నైలాన్ వంటి తేలికపాటి బట్టలే ధరించాలన్న నియమం. ఒళ్లంతా, తల కూడా కప్పే నైలాన్ ఈత దుస్తులు ఇప్పుడు దొరుకుతున్నాయి. ఆస్ట్రేలియాలో స్థిరపడిన లెబనాన్ సంతతి మహిళ అహెదా జనెట్టి 2004లో రూపొందించిన బుర్కినీ ఈ కోవలోనిదే. తన బంధువుల అమ్మాయి ముసుగుతో, బరువైన దుస్తులతో నెట్‌బాల్ ఆడుతూ పడిన ఇబ్బంది చూసి ఆమెకు ఈ ఆలోచన కలిగింది. అటువంటి దుస్తులను అనుమతిస్తారా, స్త్రీలకు వేరుగా కొలను లేక సమయం ఉందా అన్న రెండు ప్రశ్నలు బయలుదేరే ముందే ఫోను చేసి అడగాలి. స్త్రీ పురుషులు కలిసి దిగే కొలను తమకు సమ్మతం కాదనుకునే సోదరీమణులు ఉన్నారు. అది గౌరవించవలసిన నిర్ణయం. అయితే నీటి రైడ్లు వద్దనుకున్నంత మాత్రాన పొడి రైడ్లన్నీ వదులుకోవలసిన పని లేదు. పార్కులో సగం భాగం అవే.

పొడి రైడ్లలోనూ ఒక జాగ్రత్త తప్పనిసరి. చున్నీ, హిజాబ్ కొసలు పిన్నులతో బిగించి లోపలికి దోపుకోవాలి. ముఖ్యంగా గో-కార్ట్ బండ్లలో వెనుక ఇరుసు నేలకు దగ్గరగా వేగంగా తిరుగుతుంది. వేలాడే చున్నీ గాని, విరబోసిన జడ గాని అందులో చిక్కితే ప్రాణాలకే ముప్పు. సిబ్బంది చెప్పే వరకు ఆగకుండా మనమే సరిచూసుకోవాలి.

ఇక ధర్మం మాట. హుందాగల గృహిణి ఇలాంటి ఆటలకు దూరంగా ఉండాలని కొందరు పెద్దలు అంటూ ఉంటారు. వారు దైవప్రవక్త ముహమ్మద్ (సల్లం) జీవితంలోని రెండు ఘట్టాలను గుర్తు చేసుకోవాలని మా మనవి. ఒక ప్రయాణంలో ఆయన సహచరులను ముందుకు సాగమని చెప్పి, హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెం వేశారు. ఆమె గెలిచారు. కొంతకాలానికి మరో ప్రయాణంలో మళ్లీ పందెం వేస్తే ఆయన గెలిచి, అప్పటి దానికి ఇది బదులని చమత్కరించారు. రెండో ఘట్టం మదీనాలోని మస్జిదె నబవీలో జరిగింది. హబషీలు బల్లేలతో విన్యాసాలు చేస్తుంటే ఆయిషా (రజి) చూడాలనుకున్నారు. ప్రవక్త (సల్లం) ఆమెకు తన వస్త్రాన్ని అడ్డుగా పట్టి, ఆమెకు తనివి తీరేవరకు నిలబడే ఉన్నారు. ఈ సంఘటనను స్వయంగా ఆమే ఉల్లేఖించారు. హదీసు గ్రంథాల్లో ఇది ప్రసిద్ధం. ఇక్కడ ఆట చూసింది ఎవరు, ఓపికగా కనిపెట్టుకొని నిలబడింది ఎవరు అన్నది గమనార్హం.

పిల్లల విషయానికి వస్తే, ప్రతి పెద్ద రైడ్ ముందూ ఒక కొలబద్ద ఉంటుంది. మా మూడో పిల్లవాడి ఎత్తు 132 సెంటీమీటర్లు. 140 సెంటీమీటర్ల గీత ముందు వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇలాంటి చోట కొందరు తండ్రులు సిబ్బందితో వాదిస్తారు, మరికొందరు మడమలెత్తి నిలబడమని పిల్లలకు నేర్పుతారు. ఆ గీత ధైర్యాన్ని కొలిచేది కాదు. భుజాల మీదా తొడల మీదా బిగించే కమ్మీ ఒక కనీస పరిమాణం ఉన్న శరీరాన్నే గట్టిగా పట్టి ఉంచగలదు. అంతకంటే చిన్న దేహం మలుపులో జారిపోవచ్చు. ఈ సంగతి ఇంట్లోనే గోడమీద పెన్సిలు గీత గీసి చెబితే పిల్లలు అర్థం చేసుకుంటారు. వాడికి పిన్ని తోడుగా వెళ్లింది. వారిద్దరూ చిన్న రైడ్లన్నీ రెండేసి మార్లు ఎక్కారు.

ప్రయాణంలో నమాజు గురించి పాఠకులు తరచుగా అడుగుతుంటారు. కర్నూలు నుంచి బెంగళూరు సుమారు 360 కిలోమీటర్లు. హనఫీ పద్ధతి ప్రకారం సుమారు 78 కిలోమీటర్లకు మించిన ప్రయాణంలో ఉండి, ఒకచోట పదిహేను రోజులకు తక్కువ ఆగే ఉద్దేశం గలవారు ముసాఫిర్లు. జుహర్, అసర్, ఇషా ఫర్జ్ నాలుగు రకాతుల బదులు రెండే చేస్తారు. ఫజ్ర్, మగ్రిబ్ యథాతథం. హైదరాబాదులో ఉంటూ రావిర్యాల వెళ్లేవారికి ఈ సడలింపు వర్తించదు. పార్కు పదకొండు గంటల ప్రాంతంలో తెరిచి సాయంత్రం ఆరు ప్రాంతంలో మూస్తారు కనుక లోపల ఉండగా పడేవి జుహర్, అసర్ రెండే. చెట్టునీడలో ఒక దుప్పటి పరిస్తే రెండు రకాతులకు ఎంతో సమయం పట్టదు. సంచుల కాపలా ఉన్న చోటే మా జానిమాజ్ కూడా ఉండేది. అక్కడికే ఒక్కొక్కరం వచ్చి చేరేవాళ్లం. భోజనశాలలో మాంసం హలాల్ అని స్పష్టంగా తెలియకపోతే కూర, పప్పు, పెరుగన్నం ఉండనే ఉన్నాయి.

రిసార్టులో గది తీసుకోవడం దుబారా అని మాలోనే ఒకరు వాదించారు. రెండు రోజులు పార్కు టికెట్లు కొనడం కంటే, ఒక రోజు పార్కు, ఒక రాత్రి గది మేలని మా అభిప్రాయం. పార్కులో తోడికోడళ్లకు తీరిక దొరికింది గంటల లెక్కన. గదిలో వారికి పూర్తి రాత్రి దొరికింది. వంట లేదు, గిన్నెలు లేవు, తెల్లవారి పాలవాడి పిలుపు లేదు. ఫజ్ర్ తరువాత వారిద్దరూ వరండాలో కూర్చొని చెప్పుకున్న కబుర్లు పిల్లలు లేచేవరకు తెగలేదు. అయితే ఈ సంతోషాన్ని క్రెడిట్ కార్డు వడ్డీతోనో, విహారయాత్ర రుణంతోనో కొనుక్కోవలసిన అగత్యం లేదు. నెలనెలా కొంత దాచుకొని ఏడాది ఆగి వెళ్లవచ్చు. అంత వీలు కాకపోతే ఊరి చెరువుగట్టున కూడా సంచుల వంతులు వేసుకోవచ్చు.

దాదీ రెండు గంటలపాటు బల్ల మీద కూర్చొని అందరినీ చూసింది. తరువాత లేచి, పెద్ద కోడలి చేయి పట్టుకొని జెయింట్ వీల్ వైపు నడిచింది. వృద్ధులకు ఏవి తగినవో రైడ్ ముందరి బోర్డుల మీదే రాసి ఉంటుంది. గుండెజబ్బు, రక్తపోటు, వెన్నునొప్పి ఉన్నవారు దూరంగా ఉండవలసినవీ అక్కడే ఉంటాయి. ఆమెకు మోకాళ్లనొప్పి తప్ప మరేమీ లేదు. దిగివచ్చాక ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి మనవరాలిని పిలిచి, తన ఫోటో తీశారా అని అడిగింది. ఎవరూ తీయలేదు. ఫోనులన్నీ కింద సంచిలో ఉన్నాయి. దాంతో ఆమె మళ్లీ ఎక్కింది. ఈసారి కింద ఫోను పట్టుకొని నిలబడింది పెద్ద కుమారుడు.

మళ్లీ వెళ్లేనాటికని సంచిలో వేయవలసిన వాటి పట్టీ ఒకటి రాసి పెట్టుకున్నాం. నైలాన్ దుస్తులు, డజను పిన్నులు, ఒక పలుచటి జానిమాజ్, పిల్లలకు మారుబట్టలు, దాదీ మందులు. అన్నీ కలిపి ఒకే సంచి, అది కూడా పార్కు లాకర్‌లో పట్టేటంత.