ట్రైలర్ బరువు ట్రక్కు మీద ఎక్కడ పడుతుంది?

అమెరికా రహదారుల మీద వేసవి సెలవుల్లో విరివిగా కనిపించే క్యాంపర్ ట్రైలర్, అంటే పడకలు, పొయ్యి, నీటి ట్యాంకు, స్నానాల గది అమర్చిన చక్రాల ఇల్లు, సొంత ఇంజను లేనిది కాబట్టి దానిని లాగే బాధ్యత చాలా కుటుంబాల్లో మధ్యతరహా పికప్ ట్రక్కు మీద పడుతుంది. టొయోటా టకోమా, ఫోర్డ్ రేంజర్, షెవర్లే కొలరాడో, నిస్సాన్ ఫ్రాంటియర్ ఈ తరగతికి చెందినవి. తగిన అమరికలున్న నమూనాలు 6,500 నుంచి 7,700 పౌండ్ల వరకు (సుమారు 2,950 నుంచి 3,500 కిలోలు) లాగగలవని తయారీదారులు చెబుతారు. ఈ అంకెల వెనుక కఠినమైన పరీక్షే ఉంది. ఎస్ఏఈ అనే ఇంజనీర్ల సంఘం రూపొందించిన జె2807 ప్రమాణం ప్రకారం, ఈ తరహా ట్రక్కు పూర్తి బరువును తగిలించుకుని, ఏసీని గరిష్ఠ స్థాయిలో నడుపుతూ, ఆరిజోనాలోని డేవిస్ డ్యామ్ దగ్గర మొదలయ్యే 11.4 మైళ్ల ఎత్తురోడ్డును గంటకు 40 మైళ్లకు తగ్గని వేగంతో ఎక్కాలి. అయితే ఆ లెక్కలో ట్రక్కులో కూర్చున్నది 150 పౌండ్ల చొప్పున బరువున్న ఇద్దరు మాత్రమే. పిల్లలు, వంట సామాను, సైకిళ్లు అందులో చేరవు.

అందువల్ల ముందుగా చదవవలసిన అంకె ప్రకటనలో కాక, డ్రైవరు తలుపు తెరిచినప్పుడు చట్రం మీద కనిపించే చిన్న స్టిక్కర్ మీద ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇంతకు మించరాదని అక్కడ రాసి ఉండే బరువును పేలోడ్ అంటారు. అది ట్రక్కు వీపు మీద మోయగల బరువు. ట్రైలర్ చక్రాల మీద నడిచేదే అయినా దాని ముందు భాగం ట్రక్కు వెనుక ఉండే హిచ్ అనే లంకె మీద ఆనుతుంది గనుక ఆ ఆనిన బరువు మొత్తం, అంటే హిచ్ బరువు, పేలోడ్ ఖాతాలోకే వస్తుంది. స్టిక్కర్ మీద 1,300 పౌండ్లు ఉన్న ట్రక్కుకు, సామానుతో సహా 5,000 పౌండ్లు తూగే ట్రైలర్‌ను తగిలించారనుకుంటే, అందులో 12 శాతం హిచ్ మీద పడినా 600 పౌండ్లు అవుతుంది. హిచ్ పరికరానికి 80, నలుగురు సభ్యుల కుటుంబానికి 560 కలిపితే మొత్తం 1,240. ఇంకా మిగిలింది 60 పౌండ్లు. ట్రక్కు తొట్టిలో ఒక ఐస్ పెట్టె, ఒక జనరేటరు పెడితే హద్దు దాటినట్టే, లాగే సామర్థ్యంలో రెండు వేల పౌండ్లు ఇంకా మిగిలి ఉన్నా సరే. మధ్యతరహా ట్రక్కుల విషయంలో చాలామంది పొరబడేది ఇక్కడే: ఇంజను ఆయాసపడకముందే స్ప్రింగులు, వెనుక ఇరుసు, టైర్లు తమ హద్దును చేరుకుంటాయి.

ఆ 600 పౌండ్లు వెనుక ఇరుసుకు సరిగ్గా పైన పడవు, దానికి నాలుగడుగులకు పైగా వెనుక పడతాయి. అక్కడి నుంచి తులాదండ సూత్రం పనిచేస్తుంది. ముందు వెనుక ఇరుసుల మధ్య 128 అంగుళాలు, వెనుక ఇరుసు నుంచి హిచ్ దాకా 50 అంగుళాలు ఉన్న ట్రక్కులో వెనుక ఇరుసు ఆధారబిందువుగా నిలవగా, హిచ్ బరువు ముందు ఇరుసు మీది భారాన్ని 234 పౌండ్ల మేర పైకి లేపుతుంది, వెనుక ఇరుసు మీద 600కు బదులు 834 పౌండ్లు అదనంగా మోపుతుంది. బండిని మలిపేవి, బ్రేకు వేసినప్పుడు ఎక్కువ పని చేసేవి ముందు చక్రాలే కాబట్టి వాటి పట్టు సడలడం చిన్న విషయం కాదు. దీనిని సరిదిద్దడానికి బరువును పంచే హిచ్ అనే పరికరం ఉంది. దాని రెండు ఉక్కు కడ్డీలు ట్రైలర్ చట్రానికి గొలుసులతో బిగిసి, స్ప్రింగుల్లా వంగి, హిచ్ దగ్గర ఎదురు మెలి ప్రయోగించి, కొంత బరువును ముందు ఇరుసు మీదికి, కొంత ట్రైలర్ ఇరుసు మీదికి తిరిగి పంపుతాయి. ఎంత మంచి పరికరమైనా ట్రక్కు పేలోడ్‌ను అది పెంచదన్న సంగతి మరువరాదు.

హిచ్ బరువు ఇంత ఇబ్బంది పెడుతున్నప్పుడు సామానంతా ట్రైలర్ వెనుక భాగంలోకి నెట్టి దానిని తగ్గిస్తే సరిపోతుందనిపించవచ్చు. ఇంతకంటే ప్రమాదకరమైన ఆలోచన ఈ వ్యవహారంలో మరొకటి లేదు. వెనుక బరువెక్కువైన ఎద్దుబండిలో కాడి పైకి లేచినట్టే, ఇక్కడ హిచ్ తేలికపడుతుంది. కానీ ఎద్దుబండి నడకకు లేని ముప్పు గంటకు 60 మైళ్ల వేగంలో ఉంది. పక్కనుంచి పెద్ద లారీ దూసుకుపోయినప్పుడు వీచే గాలికి ట్రైలర్ ఒక పక్కకు జరిగితే దాని టైర్లు రోడ్డును పట్టుకుని వెనక్కు లాగుతాయి, ఆ ఊపులో అది రెండో పక్కకు పోతుంది, ఈ విధంగా హిచ్ కీలు చుట్టూ డోలనాలు మొదలవుతాయి. తక్కువ వేగంలో టైర్ల ఘర్షణ ప్రతి ఊపునూ మునుపటికంటే చిన్నది చేసి అణచివేస్తుంది. వేగం పెరిగే కొద్దీ ఈ అణచే శక్తి క్షీణిస్తూ, సందిగ్ధ వేగం అనదగిన ఒక హద్దు దగ్గర సున్నా అవుతుంది. ఆ హద్దు దాటితే ప్రతి ఊపూ మునుపటికంటే పెద్దదై, చివరకు ట్రైలరే ట్రక్కును ఈడ్చుకుపోతుంది.

సందిగ్ధ వేగాన్ని పెంచడం గాని తగ్గించడం గాని సామాను సర్దేవారి చేతుల్లోనే ఉంటుంది. బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రయోగాత్మక ట్రైలర్‌తో జరిపి 2009లో ప్రచురించిన అధ్యయనంలో హిచ్ మీది బరువు, ఇరుసు స్థానం, జడత్వ భ్రామకం స్థిరత్వాన్ని గట్టిగా ప్రభావితం చేస్తాయని తేలింది. జడత్వ భ్రామకం అంటే ఒక వస్తువు తిరుగుడును ఎంతగా ప్రతిఘటిస్తుందో, తిరగడం మొదలయ్యాక ఆగడాన్ని కూడా అంతగానే ప్రతిఘటించే గుణం; బరువులు రెండు కొసల్లో ఉంటే అది పెరుగుతుంది, నడుమ చేరితే తగ్గుతుంది. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద ఉండాలనీ, బరువైన సామాను నేలకు దగ్గరగా, ఇరుసుకు కాస్త ముందుగా ఉంచాలనీ చెప్పే నియమాలకు ఆధారం ఇదే. పైన చెప్పిన ట్రైలర్ వెనుక బంపరుకు, ఇరుసు నుంచి 12 అడుగుల దూరంలో, సైకిళ్లూ వాటి స్టాండూ కలిపి 100 పౌండ్లు తగిలిస్తే, ఇరుసుకు 13 అడుగుల ముందున్న హిచ్ మీద 92 పౌండ్లు తగ్గుతాయి. 600 కాస్తా 508 అవుతుంది, మొత్తం బరువు 5,100కు చేరుతుంది, 12 శాతం 10 శాతానికి దిగజారుతుంది. నీటి ట్యాంకుదీ ఇదే కథ: 40 గ్యాలన్ల నీరు 330 పౌండ్లకు పైగా తూగుతుంది గనుక అది ఇరుసుకు ముందుందా, వెనుక ఉందా అన్నది తెలుసుకున్నాకే నింపాలి.

ఊగడం మొదలైనప్పుడు సహజంగా తోచేది ట్రక్కు బ్రేకు గట్టిగా తొక్కడం, స్టీరింగును ఎదురు తిప్పడం. రెండూ ఊపును పెంచేవే. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగును తిన్నగా పట్టుకుని, ట్రైలర్ బ్రేకులను మాత్రమే చేతితో మెల్లగా వేస్తే ట్రైలర్ వెనక్కు లాగబడి వరుసలోకి వస్తుంది. డ్రైవరు ముందుండే బ్రేక్ కంట్రోలర్ ఇందుకు ఉపకరిస్తుంది. అది ట్రైలర్ చక్రాల్లోని విద్యుదయస్కాంతాలకు కరెంటు పంపి బ్రేకు వేయిస్తుంది.

ఎత్తు ఎక్కడం కంటే దిగడమే గడ్డు పరీక్ష. కొలరాడోలో ఐ-70 రహదారి మీది ఐసెన్‌హోవర్ సొరంగం పడమటి ద్వారం సముద్రమట్టానికి 11,158 అడుగుల ఎత్తున ఉంది. అక్కడి పలుచని గాలిలో టర్బో లేని ఇంజను వెయ్యి అడుగులకు సుమారు 3 శాతం చొప్పున దాదాపు మూడోవంతు శక్తిని కోల్పోతుంది. అయినా అది ప్రయాణాన్ని నెమ్మదింపజేస్తుందే గాని ప్రాణం మీదికి తేదు. ఆ ద్వారం నుంచి సిల్వర్‌థార్న్ ఊరికి దిగే సుమారు 13 కిలోమీటర్లలో రోడ్డు 700 మీటర్ల దాకా కిందికి వస్తుంది. 10,240 పౌండ్ల జంట వాహనం ఆ దిగుడులో వదులుకునే స్థితిజ శక్తి దాదాపు 9 యూనిట్ల విద్యుత్తుకు సమానం. గాలి, టైర్లు కొంత మింగినా మిగతాదంతా బ్రేకుల్లోనే వేడిగా మారితే అవి మాడి పట్టు విడుస్తాయి. వాలు మొదలుకాకముందే తక్కువ గేరులోకి మారితే ఇంజనే ఆ భారంలో పెద్దపాలు మోస్తుంది. బ్రేకును విడవకుండా నొక్కి ఉంచే బదులు గట్టిగా కొద్దిసేపు వేసి, వదిలి చల్లారనివ్వాలి.

ట్రైలర్ టైర్లలో చాలావాటికి, మరో విధంగా ముద్రించి ఉంటే తప్ప, గంటకు 65 మైళ్లే హద్దు. కాలిఫోర్నియా చట్టం ట్రైలర్ లాగే వాహనాలకు 55 మైళ్లే అనుమతిస్తుంది. భద్రతా గొలుసులను హిచ్ కింద అడ్డంగా ఒకదానిమీద ఒకటి దాటించి తగిలిస్తే, లంకె ఊడినా ట్రైలర్ ముందుకొస నేలకు గుచ్చుకోకుండా వాటి మీద ఆగుతుంది.

ఇన్ని లెక్కలూ ఊహ మీద కాక తూకం మీద నిలవాలి, అందుకు పెద్ద ఖర్చు కూడా లేదు. లారీలు ఆగే ట్రక్ స్టాపుల్లో ఇరుసుల బరువును విడివిడిగా చూపే తూకపు వేదికలుంటాయి. ప్రయాణానికి సిద్ధమైన కుటుంబం, నిండిన ఇంధనం, సర్దిన సామానుతో ఒకసారి, ట్రైలర్‌ను విప్పి పక్కన నిలిపి మరోసారి తూయించాలి. మొదటి తూకంలో ట్రక్కు రెండు ఇరుసులు కలిసి 5,840 పౌండ్లు, ట్రైలర్ ఇరుసు 4,400 చూపి, రెండో తూకంలో ట్రక్కు ఒక్కటే 5,240 చూపితే, తేడా అయిన 600 పౌండ్లే హిచ్ బరువు, 4,400తో దాన్ని కలిపిన 5,000 ట్రైలర్ మొత్తం బరువు, అంటే 12 శాతం. బరువును పంచే హిచ్ వాడితే దాని కడ్డీలను వదులు చేసి ఈ తూకం వేయాలి, లేకుంటే అవి ట్రైలర్ ఇరుసు మీదికి నెట్టిన బరువు లెక్కను తప్పుదారి పట్టిస్తుంది. శాతం పదికి దిగువన వస్తే బయలుదేరక ముందే వెనుకనున్న పెట్టెలను ఇరుసుకు ముందుకు జరిపి, ఆ వేదిక మీదే మళ్లీ తూయించాలి.