పుట తెరుచుకోని పుస్తకం: పీడీఎఫ్‌ల నెమ్మదికి కారణాలు

మిస్సిసాగాలోనో మరో విదేశీ నగరంలోనో ఉద్యోగం చేసుకుంటూ, తీరిక వేళల్లో తెలుగు సాహిత్యం మీద పని చేసేవారికి వేటపాలెం సారస్వత నికేతనం గాని, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం గాని నడిచి వెళ్ళేంత దూరంలో ఉండవు. వారి గ్రంథాలయం కంప్యూటర్లోని ఒక ఫోల్డరు. అందులోని పాత పుస్తకాలు దాదాపుగా అన్నీ పీడీఎఫ్‌లే. సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటం ఒకటి తెరిచి ఒక మాట కోసం వెతుకుతుంటే, ఒక్కొక్క పుట ముందు ఖాళీగా నిలబడి, తరువాత మసకగా కనిపించి, ఆపైన గాని స్పష్టపడదు. అదే కంప్యూటర్లో బ్యాంకు పంపిన ముప్ఫై పుటల నివేదిక రెప్పపాటులో తెరుచుకుంటుంది. యంత్రం పాతబడిందనుకోవడం సహజమే. కాని చాలాసార్లు కారణం యంత్రంలో ఉండదు, ఫైలు కడుపులో ఉంటుంది. అక్కడ ఏముందో తెలుసుకోకుండా చేసే వైద్యం వృథా కావడమే కాదు, ఒక్కోసారి పుస్తకానికే చేటు తెస్తుంది.

ఒకే చిప్ప, వేర్వేరు గింజలు

అడోబీ సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరైన జాన్ వార్నాక్ 1991లో 'కామెలాట్' పేరుతో ఒక ఆలోచనను ముందుకు తెచ్చాడు. ఏ యంత్రం మీద చూసినా, ఏ ప్రింటరు మీద అచ్చువేసినా పత్రం ఒకేలా కనిపించాలన్నది దాని సారాంశం. దాని ఫలితమే 1993లో వెలువడిన పీడీఎఫ్. 2008లో అది ఐఎస్ఓ ప్రమాణం అయింది.

పీడీఎఫ్ అంటే పుట బొమ్మ కాదు, పుటను కూర్చడానికి ఇచ్చిన ఆదేశాల జాబితా. ఈ ఫాంటులోని ఈ ఆకారాన్ని ఈ చోట ఉంచు, ఇక్కడినుండి ఇక్కడికి గీత గీయి, ఈ బొమ్మను ఇంత కొలతకు సాగదీసి పరువు, ఇలా ఉంటాయి ఆ ఆదేశాలు. బ్యాంకు నివేదికలో ఉన్నవి చాలావరకు మొదటి రకం, అంటే కొద్ది అక్షరాలతో ముగిసే పని. స్కాన్ చేసిన పుస్తకంలో ప్రతి పుటా పెద్ద బొమ్మ. బయటి చిప్ప ఒకటే, లోపలి గింజలు వేరు.

ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. పీడీఎఫ్‌లో ఏ వస్తువు ఎక్కడుందో చెప్పే పట్టిక మామూలుగా ఫైలు చివర ఉంటుంది. చదివే సాఫ్ట్‌వేరు ముందుగా ఆ చివరిని చూసి, తరువాత మొదటి పుటకు వస్తుంది. వెబ్‌లో చూడటానికి అనువుగా మొదటి పుట సమాచారాన్ని ముందుకు జరిపి అమర్చిన ఫైళ్ళు ఉన్నాయి; అలా అమర్చని పెద్ద పుస్తకాన్ని బ్రౌజర్లోనే తెరిస్తే ఎదురుచూపు తప్పదు. కాబట్టి మొదటి వైద్యం అతి సులువైనది: ఫైలును పూర్తిగా దింపుకుని, సొంత డిస్కు మీదినుండి తెరవడం. క్లౌడ్ ఫోల్డర్లలో ఫైలు పేరు మాత్రమే మన దగ్గర ఉండి, అసలు సరుకు దూరపు సర్వరులో ఉండటం కూడా మామూలే.

బొమ్మల బరువు

చిత్తూరు జిల్లాకు చెందిన రాజ్ రెడ్డి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంనుండి నడిపించిన మిలియన్ బుక్స్ ప్రణాళికలో భాగంగా, 2000 దశకం తొలి ఏళ్ళలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా మొదలైంది. అక్కడ స్కాన్ అయిన వేలాది తెలుగు పుస్తకాలు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి. ఆ ప్రణాళిక పాటించిన ప్రమాణం అంగుళానికి 600 చుక్కలు, నలుపు-తెలుపు.

అయిదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తు ఉన్న పుటను ఆ లెక్కన తీస్తే 3300 అడ్డం, 5100 నిలువు, అంటే దాదాపు 1.7 కోట్ల చుక్కలు. నలుపు-తెలుపులో చుక్కకు ఒక బిట్టు చాలు కాబట్టి, విప్పిన తరువాత పుట బరువు రెండు మెగాబైట్లు. అదే రంగుల్లో తీస్తే చుక్కకు మూడు బైట్లు, పుటకు సుమారు 50 మెగాబైట్లు. డిస్కు మీద ఫైలు చిన్నదిగా కనిపించేది కుదింపు వల్లనే. తెర మీదికి వచ్చేటప్పుడు దాన్ని విప్పక తప్పదు. అందుకే ఫైలు చిన్నదైతే త్వరగా తెరుచుకుంటుందన్న నమ్మకం తరచు తప్పుతుంది. ఎంత గట్టిగా కుదిస్తే విప్పడానికి అంత శ్రమ.

ఇంటర్నెట్ ఆర్కైవ్ పీడీఎఫ్‌లు ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడ ఒక్కొక్క పుటను పొరలుగా విడదీస్తారు: కాగితపు పసుపుదనం ఒక పొర, సిరా రంగు మరొకటి, అక్షరాల ఆకారాలు ముసుగుగా ఇంకొకటి. రంగు పొరలను జేపెగ్ 2000 పద్ధతిలోనూ, ముసుగును జేబిగ్2 పద్ధతిలోనూ కుదిస్తారు. రెండూ చోటును బాగా ఆదా చేస్తాయి. ముఖ్యంగా జేపెగ్ 2000ను విప్పడం మామూలు జేపెగ్‌కన్నా చాలా శ్రమతో కూడిన పని. పుట తిప్పిన ప్రతిసారీ ప్రాసెసరు ఆ పొరలను విప్పి, ఒకదానిపై ఒకటి పేర్చవలసిందే.

వెతికితే దొరకని మాట

నెమ్మదికన్నా విసిగించేది మరొకటి ఉంది. కళ్ళెదుట ఉన్న మాట వెతుకులాటకు దొరకదు. దీనికి మూడు కారణాలు. పుట వట్టి బొమ్మే అయితే అందులో వెతకడానికి అక్షరాలే లేవు. అను ఫాంట్ల వంటి పాత పద్ధతిలో కూర్చినదైతే, తెర మీద తెలుగు కనిపించినా లోపలున్నవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు. కాపీ చేసి అతికిస్తే అర్థంలేని రోమన్ లిపి వస్తుంది. యూనికోడ్‌లో కూర్చినా చిక్కు పూర్తిగా తీరదు. పీడీఎఫ్‌లో నిలిచేది అక్షరక్రమం కాదు, ఆకారాల క్రమం. 'స్త్రీ' అన్న మాటలో ముందుగా గుడి దీర్ఘంతో కూడిన 'సీ' ఆకారం, తరువాత వత్తులు వస్తాయి. ఆకారాలను తిరిగి అక్షరాలుగా మార్చే పట్టిక సరిగా లేకపోతే 'సీ' పక్కన వత్తులు విడిగా వేలాడతాయి, వెతికిన మాట దొరకదు. ఇది మన కంప్యూటరు లోపం కాదు, పీడీఎఫ్‌ను తయారుచేసిన చోట జరిగిన లోపం.

ఎంత ఆగినా రాని ఫారం

కెనడాలో ఉన్నవారికి ఎదురయ్యే మరో చిక్కు చూడటానికి నెమ్మదిలాగే ఉంటుంది, కాని నెమ్మది కాదు. తల్లిదండ్రులను రప్పించుకోవడానికి వాడే 5257 సంఖ్య ఫారం వంటి వలసశాఖ ఫారాలను బ్రౌజర్లోనో ఫోన్లోనో తెరిస్తే, దయచేసి ఆగమనే వాక్యం కనిపించి అలాగే ఉండిపోతుంది. ఎంతసేపు ఆగినా లాభం లేదు. ఆ వాక్యమే ఆ పీడీఎఫ్‌లోని పుట. అసలు ఫారం ఎక్స్ఎఫ్ఏ అనే వేరే పద్ధతిలో లోపల దాగి ఉంటుంది. చాలా బ్రౌజర్లకూ ఫోన్లలోని రీడర్లకూ అది తెలియదు. ఆ పద్ధతి పుట్టింది కెనడాలోనే: ఒట్టావాకు చెందిన జెట్‌ఫారమ్ సంస్థ దాన్ని రూపొందించింది, పేరు మార్చుకున్న ఆ సంస్థను 2002లో అడోబీ కొన్నది. 2017లో వెలువడిన పీడీఎఫ్ 2.0 ప్రమాణం ఎక్స్ఎఫ్ఏను పక్కన పెట్టింది. అయినా అటువంటి ఫారం ఎదురైతే చేయవలసింది ఒకటే: దాన్ని డిస్కు మీదికి దింపుకుని, ఫోనులో కాకుండా కంప్యూటర్లో, అడోబీ రీడర్‌తో తెరవాలి.

దోషం ఎవరిదో తేల్చే పద్ధతి

పరీక్ష సులభం. అదే ఫైలును సుమాత్రా పీడీఎఫ్, ఓక్యులర్, మాక్‌లోని ప్రివ్యూ వంటి మరొక రీడర్లో తెరవండి. అన్నిటిలోనూ నెమ్మదిగా ఉంటే దోషం ఫైలుది. ఒక్కదానిలోనే అయితే ఆ సాఫ్ట్‌వేరుది. అడోబీ రీడర్ పెద్ద పుస్తకం తెరిచినప్పుడల్లా పత్రాన్ని చదవడానికి సిద్ధం చేస్తున్నానంటూ అడ్డుపడుతుంటే, అది చూపులేనివారికి వినిపించే సాఫ్ట్‌వేరు కోసం పుటలన్నిటినీ ముందే విశ్లేషించడం. ప్రిఫరెన్సెస్‌లోని రీడింగ్ విభాగంలో, కనిపిస్తున్న పుటలు మాత్రమే చదివేలా మార్చుకుంటే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది.

దోషం ఫైలుదే అయితే తేలిక ప్రతి తయారు చేసుకోవచ్చు. పట్టికను ముందుకు తేవడానికి క్యూపీడీఎఫ్, బొమ్మ పుటల వెనుక వెతకగలిగే తెలుగు అక్షరాలను చేర్చడానికి ఓసీఆర్ మై పీడీఎఫ్ ఉచితంగా దొరుకుతాయి. రెండవది టెస్సరాక్ట్ మీద ఆధారపడి పనిచేస్తుంది. పాత అచ్చులో తప్పులు వస్తాయి గాని, ఏమీ దొరకకపోవడంకన్నా మేలు.

అయితే ఒక హెచ్చరిక. జేబిగ్2 పద్ధతిలో నష్టంతో కూడిన రకం ఒకటుంది. అది ఒకేలా కనిపించే ఆకారాలను ఒకటిగా లెక్కించి, ఒకదాని చోట మరొకదాన్ని పెడుతుంది. 2013లో జర్మనీకి చెందిన డేవిడ్ క్రీసెల్ కొన్ని జిరాక్స్ స్కానర్లు 6 బదులు 8 వేస్తున్నాయని బయటపెట్టినప్పుడు తేలిన కారణం ఇదే. పుట మసకబారలేదు, అంకె మాత్రం మారింది. తెలుగులో ద-ధ, ప-వ జంటల మధ్య తేడా ఒక చిన్న గీతో చుక్కో. ఛందస్సు లెక్కించేవారికీ పాఠాంతరాలు పరిష్కరించేవారికీ అలా మారిన అక్షరం, తెరుచుకోని పుటకన్నా ప్రమాదకరం: తెరుచుకోని పుట లోపాన్ని చెబుతుంది, మారిన అక్షరం చెప్పదు.

అందువల్ల తేలిక ప్రతి చదువుకోవడానికి, దింపుకున్న మూల ప్రతి దాచుకోవడానికి. ఉటంకించే ముందు మూలంతో సరిచూడాలి. చాలా పాత తెలుగు పుస్తకాలకు ఇప్పుడు సులువుగా అందే ప్రతి ఆ స్కానే. ఒక్కొక్క పుటకు మూడు క్షణాలు ఆగవలసి వచ్చినా, దాన్ని చెరపకుండా ఉంచుకోవడం ముఖ్యం.