అడవి బాతుల లెక్క

చలికాలంలో దక్షిణాది జలాశయాలకు వచ్చే పెద్ద బాతుల్లో బార్‌హెడెడ్ గూస్ ఒకటి. తెల్లని తల వెనుక రెండు నల్లని పట్టీలు దాని గుర్తు. టిబెట్, మంగోలియా, లద్దాఖ్ సరస్సుల దగ్గర పిల్లల్ని పెంచి, చలి ముదరకముందే హిమాలయాలు దాటుతుంది. పగలు ఇసుక తిన్నెల మీద సేదతీరి, రాత్రి పూట గడ్డి, లేత పైరు మేస్తుంది.

తెలుగు నేల మీద పక్షుల అధ్యయనంలో పెద్ద మలుపు సలీం అలీ 1931-32లో నిజాం రాజ్యమంతటా చేసిన సర్వే. అప్పట్లో ఖమ్మం నిజాం ఏలుబడిలోని వరంగల్ జిల్లాలో ఉండేది. గోదావరి అవతలి భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీది. అది ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లో. ఒకే అడవిని అలా రెండు ప్రభుత్వాలు పంచుకోవడంతో, నిజాం వైపుదే ఆ సర్వేలోకి వచ్చింది. పైగా ఆనాటి సర్వేలు ఏ జాతి ఎక్కడుందో రాశాయే గానీ, ఎన్ని ఉన్నాయో లెక్కించలేదు.

ఆ పని 1987లో మొదలైన ఆసియా నీటిపక్షుల గణనతో ఊపందుకుంది. వలస పక్షులు ఒకచోట కుదురుకునే జనవరిలోనే ఏటా లెక్కిస్తారు. పెద్ద గుంపును ఒక్కొక్కటిగా ఎంచడం కుదరదు కాబట్టి, పదో వందో ఉన్న భాగాన్ని కొలతగా తీసుకొని మిగతా గుంపుకు వర్తింపజేస్తారు. చిక్కల్లా బాతులు చోటు మార్చడంతోనే. ఖమ్మం జిల్లాలోని వైరా జలాశయంలో కనబడని గుంపు పాలేరు జలాశయంలో దిగి ఉండొచ్చు. కిన్నెరసాని లాంటి ఒక్క జలాశయం అంకె చూసి జాతి పెరిగిందనో తగ్గిందనో తేల్చడం తొందరపాటు.

2005లో చైనాలోని చింగ్‌హాయ్ సరస్సు దగ్గర బర్డ్ ఫ్లూ వేలాది పక్షుల్ని చంపాక, పరిశోధకులు ఈ బాతుల దారుల మీద దృష్టి పెట్టారు. ఒడిశాలోని చిలికా సరస్సు సహా పలుచోట్ల బాతులకు శాటిలైట్ ట్రాన్స్‌మీటర్లు అమర్చారు. ఒక బాతు 7,290 మీటర్ల ఎత్తున ఎగిరినట్టు నమోదైంది.

హిమాలయాలు దాటకుండా దక్షిణ టిబెట్‌లోనే చలికాలం గడిపే బాతులు 1990ల నుంచి అనేక రెట్లు పెరిగాయి. అక్కడ వేసవిదాకా పొలంలో ఉండే శీతాకాలపు గోధుమ వాటికి కొత్త మేత అయింది. గుంపు పెరిగితే ముప్పూ పెరుగుతుంది: 2020-21 చలికాలంలో హిమాచల్‌లోని పాంగ్ జలాశయంలో బర్డ్ ఫ్లూకు దాదాపు 5 వేల వలస పక్షులు చనిపోతే, వాటిలో అత్యధికం ఈ బాతులే. అందుకే ఇప్పుడు తలల లెక్కతో పాటు చనిపోయిన పక్షుల నమూనాలనూ పరీక్షకు పంపుతున్నారు.