కెమెరాలో బొమ్మ కనబడితే చాలదు

గోదావరికి వరద వచ్చినపుడు పోలవరం వైపు కరెంటు పోవడం మనకు అనుభవమే. ఇంటి వద్ద, పశువుల కొట్టం వద్ద కెమెరాలు పెట్టుకున్న సభ్యులకు అప్పుడొక చిక్కు వస్తుంది. దూడ కనబడలేదని రికార్డు వెదికితే, ఆ రాత్రిది ఏమీ దొరకదు.

రికార్డరులో రూపాయి బిళ్ళ వంటి చిన్న బ్యాటరీ ఉంటుంది. కరెంటు లేనపుడు గడియారాన్ని నడిపేది అదే. అది అయిపోతే తేదీ ఏళ్ళ వెనక్కు పోతుంది. వీడియో పోలేదు, తప్పు తేదీ క్రింద ఉన్నది. కనుక ముందు తెరపై తేదీ చూచి, ఆ తేదీలోనే వెదకండి. కావలసిన భాగాన్ని పెన్‌డ్రైవులోకి తీసుకున్న తరువాతే బ్యాటరీ మార్చి తేదీ సరిచేయండి. డిస్కు నిండితే పాతది చెరిగిపోతుంది, ఆలస్యం పనికిరాదు.

కెమెరా బొమ్మే రాకపోతే రౌటరును చూడండి. అది ఆగి మళ్ళీ వెలిగినపుడు కెమెరాకు కొత్త ఐ.పి. చిరునామా ఇవ్వవచ్చు. రికార్డరు పాత చిరునామాలోనే వెదుకుతుంది. ప్రతి కెమెరాకు మారని చిరునామా పెట్టించండి.

వారానికొకసారి, పాలు పోసి వచ్చాక, ముందటి రాత్రి రికార్డును ఒక్క నిమిషం వేసి చూడండి. కార్యదర్శులు ఈ సంగతి పాల సేకరణ వేళ సభ్యులకు చదివి వినిపించవలసినదిగా కోరుచున్నాము.