ఇంటిపేరు వెనక ఇంత కథా!

సినిమా టైటిల్స్‌లో ఇంటిపేర్లు ఎన్నో పడతాయి. మనం వాటిని చూసీ చూడనట్టు వదిలేస్తాం. ఒక్క ఇంటిపేరు పట్టుకుని వెనక్కి నడిచి చూడండి. బందరు, గుడివాడ, దివిసీమల మధ్య ఏ బస్సెక్కినా ఓ ఫ్లాష్‌బ్యాక్ ఎదురవుతుంది!

ముందుగా కూచిపూడి. అక్కినేని 'దేవదాసు' (1953) ఎవరికి తెలియదు? ఆ చిత్ర దర్శకుడు వేదాంతం రాఘవయ్య ఈ ఊరి బిడ్డే. తెరమీద నాట్యం నేర్పిన వెంపటి వారూ ఇక్కడివాళ్ళే. తానీషా ఈ అగ్రహారాన్ని భాగవతులకు ఇచ్చాడని ఊళ్ళో తరతరాలుగా చెప్పుకుంటారు. అది నోటిమాట. మరి కాగితం? అదీ ఉందండోయ్! 1763 నాటి ఆస్తి పత్రంలో వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల వంటి ఇంటిపేర్లు కనిపిస్తాయి. రెండు వందల ఏళ్ళ తర్వాత అవే పేర్లు వెండితెర మీద వెలిగాయన్నమాట.

ఇక గుడివాడ వైపు వద్దాం. రామాపురం కుర్రాడు అక్కినేని నాగేశ్వరరావు చదువు ప్రాథమిక స్థాయిలోనే ఆగిపోయింది. కొడుకుని నాటకాల వైపు నడిపించింది తల్లి పున్నమ్మ. అతను మొదట మెప్పించింది ఆడవేషాలతోనే. చదువు ఆగిన ఆ కుర్రాడి పేరే గుడివాడలో కాలేజీకి ఉంది చూశారా!

నిమ్మకూరులో ఇంకో మలుపు. నందమూరి తారక రామారావును పిల్లలు లేని పెదనాన్న గారింటికి దత్తత ఇచ్చారు. వంశవృక్షం గీసేవాళ్ళు తికమకపడేది సరిగ్గా ఇక్కడే. కన్నవారి కొమ్మ మీద రాయాలా, పెంచినవారి కొమ్మ మీదా? రెండింటి మీదా రాయాలి. లేకపోతే సగం కథే మిగులుతుంది.

బందరు సంగతి చెప్పనే లేదు కదూ! తెలుగు సినిమాకే మూలపురుషుడనిపించుకున్న రఘుపతి వెంకయ్య 1869లో పుట్టింది అక్కడే. కొడుకు ప్రకాష్ 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' మూకీ తీశారు. తండ్రీకొడుకుల ముచ్చటే మన పరిశ్రమకు తొలి అధ్యాయం.

అయితే ఈ సీమలో కథలు వెతకడం తేలిక కాదు. 1864 నవంబర్ 1న బందరు ఉప్పెన సుమారు ముప్ఫై వేలమందిని మింగింది. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ అప్పుడు ప్రజల్లోకి వెళ్ళి విరాళాలు పోగుచేశారు. ఇళ్ళు మళ్ళీ లేచాయి. ట్రంకుపెట్టెల్లోని దస్తావేజులు, ఫోటోలు మళ్ళీ వస్తాయా? ఏ తాత ఏ ఊరినుంచి వచ్చాడో చెప్పే ముసలివాళ్ళే లేకుండా పోతే ఎవరిని అడగాలి? ఊరి లెక్కలు, ఎవరి పొలం ఎవరికి వచ్చిందీ కరణం గారికి కంఠతా వచ్చేవి. వంశపారంపర్యంగా వస్తున్న ఆ ఉద్యోగాలు 1984లో రద్దయ్యాయి. రద్దు చేసింది ఎవరనుకున్నారు? నిమ్మకూరు రామారావు గారి ప్రభుత్వమే!

మరి మనలాంటివాళ్ళం ఏం చెయ్యాలి? తద్దినం నాడు మూడు తరాల పేర్లు చెబుతారు, రాసుకోండి. పాత శుభలేఖలు, పొలం కాగితాలు పారెయ్యకండి. ముఖ్యంగా అమ్మమ్మనీ నాయనమ్మనీ వాళ్ళ పుట్టింటివారి ఇంటిపేరు అడగండి. మన వంశవృక్షాల్లో ముందుగా చెరిగిపోయేవి ఆడవాళ్ళ పేర్లే. పున్నమ్మ గారి పేరు మనకి మిగిలింది కొడుకు పెద్ద హీరో అయ్యాడు కాబట్టి. మీ ఇంటి పున్నమ్మ సంగతేమిటి?

ఈ ఆదివారం మ్యాట్నీకి వెళ్ళొచ్చాక, కాస్త కాఫీ కలిపిచ్చి పెద్దావిడ పక్కన కూర్చోండి. టికెట్ లేని సినిమా అది. రెండో ఆట ఉంటుందని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు.